పేనడమా, అతకడమా?

ఇంగ్లిష్ ‘స్ప్లైస్’ ఓడల మీంచి దిగిన మాట. పాత డచ్చి ‘స్ప్లిస్సెన్’ దాని మూలమంటారు: తాళ్ల పురులు విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి కలపడం. అందుకే దానికి సరైన తెలుగు అతకడం కాదు, పేనడం అంటాను. కరెంటు తీగల సంగతీ అంతే. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కోలారు బంగారు గనులకు దాదాపు 147 కిలోమీటర్లు కరెంటు నడిచింది. 1905లో ఆ కరెంటుతోనే బెంగళూరు వీధిదీపాలు వెలిగాయి. అంత దూరానికి ఒకే తీగ ఎక్కడ దొరుకుతుంది? టెలిగ్రాఫు కాలంనాటి వెస్టర్న్ యూనియన్ ముడిలో రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి బిగించి చుడతారు. లాగుడును ఆ మెలికే మోస్తుంది. ఊరికే ఆనించి టేపు చుడితే అది అతుకు, వదులై వేడెక్కుతుంది.

2013లో అమెరికాలో మొదలై, పాటల్లో వాడుకునే శబ్దాల ముక్కలు (శాంపిళ్లు) అందించే సంస్థ పేరూ స్ప్లైసే. వ్యాపారపు పేరుకు వ్యుత్పత్తి ఏమిటంటారా? రికార్డింగు టేపును కోసి అతికించడాన్నీ స్ప్లైసింగనే అనేవారు. పేరు గాల్లోంచి రాలేదు. అయితే ఆ స్ప్లైస్‌లోని కృత్రిమ మేధ శ్రుతికీ లయకూ నప్పే ముక్కను వెతికి పెడుతుంది, అంతవరకే. మృదంగం నడకలోకి డ్రమ్ లూపును పేనాల్సింది వినే చెవే. ‘అతుకుల బొంత’ మనకు ఎలాగూ తిట్టే కనక, బెంగళూరులో పాటలు కట్టే తెలుగు కుర్రకారు ‘పేనడం’ అనే మాటనే వాడుకలోకి తేవాలి.