వెలుగు, నీళ్లు, కచేరి: ఫోటో స్టూడియోకు చోటు కుదిరిన కథ

అనంతపురం జిల్లాలోని విడపనకల్లు లాంటి మండల కేంద్రంలో ఫోటో స్టూడియో పెట్టాలనుకునే మనిషి ఇవాళ మూడు సంగతులు అడుగుతాడు. బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, బస్టాండుకు ఎంత దూరం. నూట ఇరవై ఏళ్ల కిందట ఈ వృత్తిలో ఉన్నవాళ్లు గది చూడబోతే ముందు తల పైకెత్తి ఆకాశం చూసేవాళ్లు. తర్వాత పెరట్లోకి వెళ్లి బావిలోకి తొంగిచూసేవాళ్లు.

కరెంటు లేని కాలంలో ఫోటోకు సూర్యుడే దీపం. అయితే ఎండ నేరుగా మొహాన పడితే కళ్లు చికిలించుకుపోతాయి, కనుబొమల కింద నల్లటి నీడలు దిగుతాయి. అందుకే మేడ మీది గది తీసుకుని, ఉత్తరం వైపు కప్పుకు గాజు పలకలు బిగించి, వాటికింద తెల్లబట్ట తెరలు కట్టేవాళ్లు. ఉత్తరపు వెలుగు నిలకడగా ఉంటుందన్నది యూరప్ నుంచి వచ్చిన సూత్రం. అనంతపురం పీఠభూమికి అది పూర్తిగా పనికిరాదు. ఇక్కడ మే మొదలుకొని ఆగస్టు మొదటి వారాల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో తెరలు లేకపోతే గాజు గది పొయ్యి అవుతుంది. పైనుంచి పడే వెలుగు ఈ సీమ జనానికి కొత్తేమీ కాదు. మట్టిమిద్దె కప్పులో గవాచి ఉండేది. దాని కిందే బియ్యం ఏరేవాళ్లు, దాని కిందే పిల్లలకు తల దువ్వేవాళ్లు.

వెలుగు ఎంత బాగున్నా, డబ్బిచ్చి ఫోటో దిగేవాళ్లు దగ్గర్లో ఉండాలి. ఆ రోజుల్లో వాళ్లు సైనిక కంటోన్మెంట్లలోనూ, దివాణాల్లోనూ ఉండేవాళ్లు. ఇండోరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్ 1880ల మధ్యలో తెలుగు నేలమీద స్టూడియో తెరిచింది సికింద్రాబాదులోనే. ఒక పక్క ఇంగ్లిషు అధికారులు, ఇంకో పక్క ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారు. అయినా ఇంటి ఆడవాళ్లు గడప దాటి వచ్చేవాళ్లు కారు. అందుకని 1892లో హైదరాబాదులో వాళ్లకోసమే జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల కెమెరా బాధ్యత కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లిషు మహిళది. ఈ దేశపు స్టూడియోల చరిత్రలో చోటు గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన సందర్భాలు అరుదు.

విడపనకల్లుకు దగ్గరి కంటోన్మెంటు బళ్లారి. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా ఈ నేల బళ్లారి జిల్లాలోదే. ఆ బళ్లారికి పడమరగా ఉన్న హంపి శిథిలాలను మద్రాసు సైన్యాధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లోనే మైనపు కాగితం నెగటివ్‌ల మీద ఫోటోలు తీశాడు. ఆయన రాళ్ల ఫోటోలు తీశాడు గనక వెలుగు ఎలా ఉంటే అలా సరిపోయింది. మనుషులను కూర్చోబెట్టాలంటేనే గది కావాలి.

ఇక బావి సంగతి. తెలుగువాళ్లు ‘రీలు కడిగించడం’ అంటారు. ఆ మాటలోనే పని మొత్తం ఉంది. డెవలపర్‌లో బొమ్మ తేలుతుంది, హైపో అనే రసాయనంలో నిలుస్తుంది. ఆ తర్వాత హైపో మొత్తం పోయేదాకా నీళ్లలో కడగాలి. పాత రకం కాగితమైతే దాదాపు గంటసేపు, నీళ్లు మారుస్తూ. సరిగ్గా కడగకపోతే కొన్నేళ్లకు ఫోటో పసుపెక్కి, బొమ్మ వెలిసిపోతుంది. ఉప్పునీళ్లయితే ఆరిన ఫిల్ము మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే వాన పడే జిల్లాలో, తాగడానికే బిందెలు మోసుకునే ఎండాకాలంలో, ఈ నీళ్లు చిన్న ఖర్చు కాదు. కరువు సీమ ఇళ్లలో పసుపెక్కిన పాత పెళ్లి ఫోటో కనబడితే వయసునో, ఫోటోగ్రాఫర్ నిర్లక్ష్యాన్నో తప్పుపట్టే ముందు ఆ ఊరి బావిని గుర్తుచేసుకోవాలి.

తర్వాత వచ్చిన ప్లాస్టిక్ పూత కాగితం కొద్ది నిమిషాల్లోనే శుభ్రమయ్యేది. రంగుల రీళ్లు వచ్చాక కడిగే పనంతా పట్నంలో ల్యాబులకు పోయింది. బావి అవసరం తీరింది, బల్బులు వచ్చాక గాజు కప్పు అవసరమూ తీరింది. అప్పుడు చోటును నిర్ణయించింది కచేరి, అంటే సర్కారు ఆఫీసు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాష్ట్రమంతా వెయ్యికి పైగా ఊళ్లకు ఒక్కసారిగా ఆఫీసులు వచ్చాయి. దరఖాస్తులు పెరిగేకొద్దీ పాస్‌పోర్టు సైజు ఫోటోలూ పెరిగాయి. టి.ఎన్. శేషన్ హయాంలో 1993లో ఓటరు ఫోటో కార్డు మొదలైంది. పాస్‌బుక్కు, పరీక్ష హాల్‌టికెట్టు, పింఛను, బ్యాంకు ఖాతా, అన్నిటికీ మొహం కావాల్సి వచ్చింది. ఎమ్మార్వో ఆఫీసు దారిలో పది అడుగుల గది దొరికితే అదే మంచి చోటు. ఒక స్టూలు, వెనక నీలంగుడ్డ, గోడకు అద్దం, దారంతో కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా. చేని దగ్గర్నుంచి నేరుగా వచ్చిన రైతు ఆ అద్దం ముందు తలపాగా తీసి, చెమట తుడుచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. చాలామందికి జీవితంలో ఒంటరిగా దిగిన ఫోటో అదొక్కటే.

2010లో మొదలైన ఆధార్‌లో ఫోటోను యంత్రమే తీసుకుంది. కచేరి పక్కన గదికి ఉన్న విలువ అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు స్టూడియోకు ప్రధాన ఆదాయం పెళ్లిళ్లు, ఆల్బమ్‌లు. గది ఉన్నది ఎక్కువగా కంప్యూటరు పెట్టుకోవడానికే.

గది ఖాళీ చేసే రోజున అటక మీది నెగటివ్ డబ్బాలు ఏమవుతాయన్నది అసలు బెంగ. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. గ్రీన్‌లా నెగటివ్‌లు నూరేళ్లకు పైగా మరుగున ఉండి బయటపడితే, వాటిని పట్టుకునే 1980లలో హంపిలో అవే కోణాల నుంచి మళ్లీ ఫోటోలు తీసి, ఏ గోడ నిలిచిందో ఏ గోడ కూలిందో పోల్చి చూశారు. మండల కేంద్రాల స్టూడియోల్లో ఉన్నవి రాజుల మొహాలు కావు, మన తాతలవి. మీ ఊళ్లో పాత స్టూడియో మూతపడుతోందని తెలిస్తే, ఆ డబ్బాలు చెత్తబండి ఎక్కకముందే ఒకసారి వెళ్లి అడగండి.