కారు విడిభాగాల మార్పిడి, మరమ్మతు (నంద్యాల–ఆళ్ళగడ్డ ప్రాంతం)

కారులో వాడుకవల్ల అరిగే భాగాలను గుర్తించి బాగుచేయడం, బాగుపడనివాటిని మార్చడం ఈ వ్యాస విషయం. నంద్యాల–ఆళ్ళగడ్డ ప్రాంతంలో ఈ పని కంపెనీ సర్వీస్ సెంటర్లు, ప్రైవేటు మెకానిక్ షెడ్ల మధ్య పంచుకుని సాగుతుంది. లేత్, టింకరింగ్, ఆటో ఎలక్ట్రికల్ దుకాణాలు షెడ్లకు తోడు నిలుస్తాయి. వారంటీ తీరిన కార్లు ఎక్కువగా షెడ్లకే చేరతాయి.

ప్రాంతం, రోడ్లు

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. ఆళ్ళగడ్డ నంద్యాలకు దక్షిణాన సుమారు 40 కి.మీ. దూరంలో, కర్నూలు–కడప రహదారి మీద ఉంది. పాత రికార్డుల్లో ఇది 18వ నంబరు జాతీయ రహదారి. నంబర్లు మారాక 40.

ఏ భాగం ముందు అరుగుతుందో చాలావరకు నేలే నిర్ణయిస్తుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద వేసిన ఊరి రోడ్లు ఎగుడుదిగుడై అంచులు కుంగుతాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్ల మీద ఆ దెబ్బ పడుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాతి, సిమెంటు దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్లు త్వరగా పూడుకుపోతాయి. గిద్దలూరు వైపు నల్లమల ఘాట్‌లోనూ, ఎగువ అహోబిలం దారిలోనూ బ్రేకులకు, క్లచ్‌కు పని ఎక్కువ. వేసవి వేడికి బ్యాటరీలు, రబ్బరు హోసులు ముందుగా చెడతాయి. అందువల్ల కంపెనీ పుస్తకం చెప్పే కిలోమీటర్ల గడువును ఇక్కడ గరిష్ఠ పరిమితిగా చూడడం మంచిది.

చరిత్ర

తొలితరం కార్లలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, జీపు ప్రధానమైనవి. అంబాసిడర్ తయారీ మొదలైన ఏడు 1957 అనీ, 1958 అనీ రెండు లెక్కలున్నాయి. మొదటిదే ఎక్కువ ఆధారాల్లో కనిపిస్తుంది. అది 2014లో ఆగింది. పద్మిని తయారీ ఆగిన ఏడు 1997 నుంచి 2001 దాకా రకరకాలుగా నమోదైంది. 2000 ప్రాంతం అనుకోవడం సబబు. ఈ బండ్లలో భాగాన్ని మార్చడం కన్నా బాగుచేయడమే రివాజు: ఇంజన్ బోరింగ్, బ్రేక్ షూలకు కొత్త లైనర్, కమాన్ కట్టలకు కొత్త పట్టీ.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఈ పద్ధతిని మార్చింది. డబ్బాలోంచి తీసి నేరుగా బిగించే భాగాలు పెరిగాయి; లేత్ పని తగ్గింది గానీ పోలేదు. 1994లో టాటా సుమో, 2000లో బొలెరో రావడంతో డీజిల్ బండ్ల పని షెడ్లకు పెరిగిందని చెప్పవచ్చు.

విడిభాగాల రకాలు

దుకాణంలో ఒకే భాగం నాలుగు ధరల్లో దొరకవచ్చు. మొదటిది కార్ల కంపెనీ పేరుతో వచ్చే డబ్బా. రెండోది ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత పేరుతో అమ్మేది: స్టీరింగ్ భాగాలకు రాణే, బ్రేకులకు బ్రేక్స్ ఇండియా, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్లకు లూకాస్–టీవీఎస్, షాక్ అబ్జార్బర్లకు గాబ్రియల్ ఇలాంటివే. తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ బ్యాటరీలు రాయలసీమ సరుకే. మూడోది ఇతర కంపెనీల సరుకు, నాలుగోది పాత సామాను. అసలు పేరు అంటించిన డూప్లికేట్ వీటిలో దేనికీ చెందదు, అది మోసం.

కంపెనీ డబ్బా తప్ప వేరేది వాడరాదని సర్వీస్ సెంటర్లు, అదంతా పేరుకు కట్టే డబ్బేనని షెడ్లు అంటుంటాయి. మామూలుగా అరిగే భాగాలకు రెండో రకమే ధరకూ మన్నికకూ సరిపడుతుందనడం సమంజసం. నంద్యాలలో దొరకనివాటికి విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ రాణీగంజ్, పాత సామానుకు చెన్నై పుదుపేట పేరున్న మార్కెట్లు.

ఖర్చు తగ్గే మార్గాలు

చౌక భాగం కన్నా సరైన నిర్ధారణ ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. ముందు చక్రం దగ్గర శబ్దం వస్తే షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు. లోపం స్టెబిలైజర్ లింకులో ఉండవచ్చు. డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు చిరిగిన తొలిరోజుల్లోనే మారిస్తే తక్కువలో పోతుంది; గ్రీజు కారిపోయి మట్టి చేరితే జాయింటే మార్చాలి. టైమింగ్ బెల్టు గడువుకు మార్చడం చిన్న ఖర్చు. తెగితే కొన్ని ఇంజన్లలో వాల్వులు వంగుతాయి.

సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్లకు కార్బన్ బ్రష్‌లు, బేరింగులు మార్చి మళ్ళీ వాడవచ్చు. బ్రేక్ డిస్క్‌ను లేత్ మీద చదును చేయవచ్చు, కానీ దాని మీద ముద్రించిన కనీస మందం కన్నా తగ్గకూడదు. గేర్‌బాక్స్, తలుపులు, అద్దాలు పాతవి తెచ్చుకోవచ్చు. బ్రేక్ హోసులు, టై రాడ్ ఎండ్లు, ఎయిర్‌బ్యాగులు పాతవి ఎంత చౌకైనా బిగించకూడదు. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడే రిలీజ్ బేరింగ్ కూడా మారిస్తే రెండో కూలి తప్పుతుంది. తీసిన పాత భాగాన్ని అడిగి చూడడం కారు యజమాని హక్కు. మంచి మేస్త్రి అడగకముందే చూపిస్తాడు.

చట్టం, పన్ను, బీమా

విడిభాగాలను బయటి మార్కెట్‌కు అందనీయడం లేదన్న కేసులో భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా విధించింది. వ్యవహారం అప్పీళ్లకు వెళ్ళినా, చిన్న షెడ్డుకు కూడా అసలు భాగాలు, మరమ్మతు సమాచారం అందాలన్న వాదనకు ఆ తీర్పు బలమిచ్చింది. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 శాతం ఉండేది.

మామూలు అరుగుదలకు బీమా వర్తించదు. ప్రమాదంలో పోయిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీలకు సాధారణ పాలసీలో 50 శాతం తరుగు కోస్తారు. కారు టైరు గాడి లోతు 1.6 మి.మీ. కన్నా తగ్గితే నిబంధనల ప్రకారం వాడరాదు. పాత ఇంజన్ కొని బిగిస్తే కాగితాలు తీసుకుని రవాణా శాఖలో నమోదు చేయించాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్ళు. తర్వాత అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము రూ. 600 నుంచి రూ. 5,000కు పెరిగింది. అందువల్ల 14వ ఏట పెద్ద పని చేయించే ముందు ఇంజన్, అడుగు తుప్పు, బ్రేకులు మూడూ చూపించి, రుసుమును కూడా లెక్కలో కలుపుకోవాలి. అడుగు చట్రం తుప్పు పట్టిన బండికి ఇంజన్ పని చేయించడం నష్టం. చట్రం గట్టిగా ఉన్న బండిని మాత్రం క్లచ్, సస్పెన్షన్ ఖర్చుకు భయపడి తుక్కుకు వేయనక్కరలేదు.