వీరేశలింగం మతచింతన

కందుకూరి వీరేశలింగం (1848–1919) దైవాన్ని వదలకుండానే మూఢాచారాన్ని ప్రశ్నించిన సంస్కర్త. రాజమహేంద్రవరంలో సంప్రదాయ కుటుంబంలో పుట్టి, యౌవనంలో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ రచనలు చదివి ఆ సమాజ భావాలవైపు మళ్ళారు. నిరాకారుడైన ఒకే దేవుణ్ణి నమ్మారు. విగ్రహారాధనను, శకునాలను, ముహూర్తాలను కాదన్నారు. 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ పత్రిక ఈ చింతనకు వేదికైంది.

ఆయన వాదనా పద్ధతి గమనించదగ్గది. వితంతు వివాహం విషయంలో ధర్మశాస్త్రాలను తోసిపుచ్చలేదు. పండితులతో వాదించి, శాస్త్రం అనుమతిస్తుందని చూపారు. అయితే ఆయన్ని కదిలించింది శాస్త్రవాక్యం కాదనీ, బాలవితంతువుల దుఃఖమేననీ ఆయన జీవితం చదివిన వారికి తెలుస్తుంది. న్యాయం ఏదో అంతరాత్మ ముందే తేల్చింది, శాస్త్రం దానికి తోడు వచ్చింది. ఈ క్రమమే ఆయన నీతిదృష్టికి మూలం.

1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. వెలి వేసినా, వంటవాళ్ళు మానేసినా వెనక్కి తగ్గలేదు. భార్య రాజ్యలక్ష్మమ్మ వంట, నీళ్ళు తానే చూసుకున్నారు. ఆమె ధైర్యం లేకుంటే ఈ సిద్ధాంతం కాగితం దాటేది కాదు. తెలుగునాట బ్రహ్మసమాజం పెద్ద మతంగా ఎదగలేదు, కానీ వితంతు వివాహం, స్త్రీవిద్య ఉద్యమాలకు ఆయన కృషే పునాది.