రామప్ప గుడికి పోతే చెరువు కట్ట కూడా ఎక్కి రండి

ఈసారి గుడి ముచ్చట రాస్తున్నా. చివరికి వచ్చేసరికి అది మన నీళ్ల ముచ్చటే అయితది, ఓపిగ్గా చదవండి.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి గురించి తెలియనోళ్లు తక్కువ. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినంక జనం ఇంకా ఎక్కువ వస్తున్నరు. నేను పోయినప్పుడు అక్కడ అందరి నోటా విన్న కథ ఒక్కటే. రామప్ప అనే శిల్పి 40 ఏళ్లు కష్టపడి ఈ గుడి చెక్కిండు, అందుకే దేవుడి పేరు పక్కకు పోయి శిల్పి పేరే గుడికి నిలిచిపోయింది అని. లోపల ఉన్నది రామలింగేశ్వరుడు. కానీ శివుడి గుడి అని ఎవరూ అనరు, రామప్ప గుడి అనే అంటరు. పని చేసినోడి పేరు నిలబెట్టిన కథ కాబట్టి నాకు ఇది చాలా ఇష్టం.

ఇక అక్కడి శాసనం ఏం చెప్తదో చూడండి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213లో, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించిండు. దేవుడి పేరు రుద్రేశ్వరుడు. గుడి ఖర్చులకు ఊళ్లను దానమిచ్చిన సంగతి కూడా అందులో ఉన్నది. రామప్ప పేరు మాత్రం శాసనంలో లేదు. రాయి మీద కట్టించినోడి పేరు ఉంటే, చెక్కినోడి పేరును జనం తమ నోట్లో దాచుకున్నరు.

గుడి కట్టిన తీరు చూస్తే రైతుకు కొన్ని సంగతులు తొందరగా అర్థమైతయి. గుడి బరువంతా నల్లరేగడి మీద పెడితే ఏమైతది? వానకు ఉబ్బుతది, ఎండకు పగుళ్లిస్తది. వాళ్లు పునాది గుంతను ఇసుకతో నింపి దాని మీద కట్టిన్రు. మండపంలో నేల అక్కడక్కడ కుంగినా గుడి మాత్రం నిలబడే ఉన్నది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేటంత తేలిక. మట్టిలో ఊకలాంటివి కలిపి కాల్చిన్రని పరిశీలించినోళ్లు చెప్తరు. కాలినప్పుడు ఊక మాడిపోయి లోపల సందులు మిగులుతయి, బరువు తగ్గుతది. మనం కళ్లం పక్కన పారేసే ఊక గుడి శిఖరానికి పనికొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. చాలామంది మదనికల ముందు ఫొటోలు దిగి, నందిని చూసి బస్సెక్కుతరు. గుడికి కొంచెం దూరంలోనే రామప్ప చెరువు ఉన్నది. అది కూడా ఆ కాలంలో కట్టిందే. గుట్టల నడుమ వాన నీళ్లు దిగివచ్చే జాగ చూసి అడ్డంగా కట్ట పోసిన్రు. కాకతీయులు గుడి, ఊరు, చెరువు కలిపి కట్టేటోళ్లు. గుడికి మాన్యం ఇస్తే సరిపోదు, ఆ మాన్యం పండాలంటే నీళ్లు కావాలె. పాకాల, లక్నవరం చెరువులు కూడా వాళ్ల కాలానివే. చెరువు తవ్వించినోళ్లకు, చూసుకునేటోళ్లకు పంటలోనో భూమిలోనో పదోవంతు ఇచ్చే దశబంధం అనే పద్ధతి అప్పుడుండె. కట్టి వదిలేస్తే చెరువు బతకదని వాళ్లకు తెలుసు.

గుడికి శాసనం ఉన్నది, కథ ఉన్నది, ఇప్పుడు యునెస్కో పేరూ ఉన్నది. కట్ట మీద మట్టి తట్టలు మోసినోళ్లకు ఏ పేరూ లేదు. కానీ 800 ఏళ్లు దాటినా ఆ చెరువు కింద వరి పండుతనే ఉన్నది. వాళ్లకు అదే శాసనం.

నా బాధ ఒక్కటే. రామప్పను చూడటానికి వంద కిలోమీటర్లు పోతున్నం, మన ఊరి చెరువు శిఖం ఎంత మిగిలిందో చూడటానికి కట్టదాకా పోతలేం. ఒర్రెలు మూసుకపోతే, తూములో పూడిక నిండితే, మత్తడికి అడ్డంగా గోడ లేస్తే ఎంత గొప్ప చెరువైనా గుంతే అయితది. గుడి రాయి అరిగితే వందేండ్లకు కనబడుతది, చెరువు మాత్రం పదేండ్లలోనే మాయమైతది.

ఈసారి పాలంపేట పోతే పిల్లలను కట్ట ఎక్కించండి. తిరిగొచ్చినంక మీ ఊరి చెరువుకు నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తయో, మత్తడి పోస్తే ఎక్కడికి పోతయో ఊళ్లె పెద్దోళ్లను అడిగి కింద రాయండి. ఆ సంగతులు తెలిసినోళ్లు ఉన్నప్పుడే రాసిపెట్టుకుందాం.