ఎండకూ చలికీ ఓర్చే చేప: న్యూ టౌన్ నుంచి కొల్లేరు దాకా

జీవావరణ శాస్త్రంలో ఒక చిన్న నిర్వచనం ఉంది. ఉష్ణోగ్రతలో పెద్ద హెచ్చుతగ్గులను తట్టుకునే జీవులను యూరీథర్మల్ జీవులు అంటాం. తక్కువ పరిధిలోనే బతకగలిగేవి స్టెనోథర్మల్ జీవులు. హిమాలయాల చల్లని ఏరుల్లో పెరిగే ట్రౌట్ చేప రెండో రకం. మన శీలావతి, బొచ్చె, ఎర్రమోసు మొదటి రకం. నిర్వచనం ప్రిలిమ్స్‌కు సరిపోతుంది. మెయిన్స్‌కు మాత్రం ఈ చేపల చరిత్ర కూడా తెలియాలి.

ఆ చరిత్ర కోల్‌కతా న్యూ టౌన్ పక్కనే కనిపిస్తుంది. రాజర్‌హాట్ పొలాలు, చెరువుల మీద లేచిన ఈ కొత్త పట్టణానికి దక్షిణాన తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు ఉన్నాయి. విస్తీర్ణం సుమారు 12,500 హెక్టార్లు. ఒకప్పుడు ఇవి ఉప్పునీటి మడుగులు. సముద్రపు పోటును మోసుకొచ్చే విద్యాధరి నది పూడిపోవడంతో ఉప్పు తగ్గింది. నగరపు మురుగునీరు కాలువల గుండా ఇటు వచ్చింది. 1930 ప్రాంతం నుంచి స్థానికులు ఆ నీటిలో చేపలు పెంచడం నేర్చుకున్నారు. ఈ చెరువులను అక్కడ భేరీలు అంటారు.

భేరీలు లోతు లేనివి. ఎండ అడుగుదాకా దిగుతుంది, నాచు పెరుగుతుంది, మురుగు శుభ్రపడుతుంది, నాచు తిని చేప ఎదుగుతుంది. అయితే లోతులేని నీరు వేసవిలో త్వరగా వేడెక్కుతుంది, జనవరి రాత్రుల్లో త్వరగా చల్లబడుతుంది. ఆ తేడాకు ఓర్చే చేపకే అక్కడ చోటు. రుయి, కాత్లా, మృగేల్ అని బెంగాలీలు పిలిచేవి మన శీలావతి, బొచ్చె, ఎర్రమోసులే. బొచ్చె 25 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా ఎదుగుతుంది. శీలావతి 14 డిగ్రీల కన్నా తగ్గితే ఇబ్బంది పడుతుంది. అంటే వీటి ఓర్పు కూడా హద్దు లేనిది కాదు.

ఈ చేపలకు మరో పరిమితి ఉండేది. చెరువులో పెరుగుతాయి కానీ గుడ్లు పెట్టవు. వాటి పిల్లలను వానాకాలంలో నదుల నుంచి పట్టి తేవాల్సి వచ్చేది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురీ, ఆయన సహచరులు పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. అందుకే జులై 10ని జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుతున్నాం. పిల్లల కొరత తీరాక ఈ చేపల పెంపకం కృష్ణా, గోదావరి డెల్టాలకూ విస్తరించింది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి ఐసు పెట్టెల్లో కోల్‌కతా బజార్లకు చేరడం మొదలైంది.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. ఒకే రకం చేప, రెండు చిత్తడి నేలలు, ఫలితాలు మాత్రం వేరు. కోల్‌కతాలో చేపల పెంపకమే నీటిని కాపాడింది. భేరీ మీద బతికే కుటుంబాలు ఉన్నాయి కాబట్టే దాన్ని పూడ్చాలంటే ఎదురు నిలిచేవారు ఉన్నారు. ధ్రువజ్యోతి ఘోష్ వంటి ఇంజనీరు దాని విలువను ప్రపంచానికి చెప్పారు. 1992లో కలకత్తా హైకోర్టు భూవినియోగ మార్పును అడ్డుకుంది. 2006లో ప్రత్యేక చట్టం వచ్చింది. కొల్లేరులో అవే చేపల కోసం సరస్సు గర్భంలోనే గట్లు వేశారు. బుడమేరు, తమ్మిలేరు వరదకు దారి ఇరుకైంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2006లో గట్లను కూల్చాల్సి వచ్చింది.

విశేషం ఏమిటంటే ఈ రెండు చోట్లూ ఒకే రోజున, 2002 ఆగస్టు 19న, రామ్‌సర్ జాబితాలో చేరాయి. గుర్తింపు ఒకటే అయినా, ఒకచోట చేప నీటితో కలిసి బతికింది. మరోచోట చేప కోసం నీటి దారినే మార్చారు.

కాబట్టి జవాబు రాసేటప్పుడు ఈ ఒక్క మాట మరవకండి. యూరీథర్మల్ జీవి వేడిని ఓర్చుకుంటుంది, చలిని ఓర్చుకుంటుంది. చెరువును పూడిస్తే మాత్రం ఓర్చుకోలేదు. వాతావరణ మార్పును తట్టుకునే జాతులను ఎంచుకోవడం విధానంలో సగమే. అవి బతికే నీటిని నిలపడం మిగతా సగం. న్యూ టౌన్ వంటి కొత్త పట్టణం గీతలు గీసే ప్రతిసారీ ఆ రెండో సగమే పరీక్షకు నిలుస్తుంది. రేపు అధికారిగా ఆ ఫైలు మీ బల్ల మీదకే రావచ్చు.