నోరు తెరిపించే నేర్పు

1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టినప్పుడు జనం ఎగబడి తీసుకున్నవాటిలో కట్టుడు పళ్లు ఒకటి. ఆ ఖర్చు మోయలేక 1951లో ప్రభుత్వం వాటికి రుసుం పెట్టబోతే, ఆ సేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవన్ మంత్రి పదవినే వదులుకున్నాడు. పాడైన పళ్లను బాగుచేయించుకోవడం కన్నా అన్నీ పీకించేసుకుని సెట్టు పెట్టించుకోవడమే నయమని చాలామంది అనుకున్న కాలం అది. 1968 నాటి సర్వే ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలోని వయోజనుల్లో 37 శాతం మందికి సొంత పన్ను ఒక్కటీ లేదు. ఆ తరమే ముసలిదై వృద్ధాశ్రమాలకు చేరింది కనుక అక్కడి సిబ్బందికి తెలిసిన నోటి శుభ్రత కూడా దానికి తగ్గట్టే ఉండేది: రాత్రి సెట్టు తీసి కడగడం, నీళ్లలో నానబెట్టడం, పొద్దున్నే తిరిగి పెట్టడం. మంచాన పడ్డవాళ్లకైతే నిమ్మరసం, గ్లిజరిన్ కలిపి అందులో ముంచిన దూదితో నోరు తుడిచేవారు. అది నోటిని ఇంకా ఎండగడుతుందనీ, అందులోని పులుపు పంటి పింగాణీని తినేస్తుందనీ తర్వాత తేలింది. 2009 సర్వే నాటికి ఇంగ్లండ్‌లో పళ్లు బొత్తిగా లేనివాళ్లు 6 శాతానికి తగ్గారు. దంతవైద్యానికి ఇది గొప్ప విజయమే. కానీ ఆ విజయం సంరక్షకుల నెత్తిన ఒక కొత్త పని పెట్టింది. ఫిల్లింగులు, క్రౌన్లు, బ్రిడ్జిలు నిండిన నోటితో మనిషి డిమెన్షియాలోకి జారితే, ఆ నోటిని రోజూ ఇంకొకరు శుభ్రం చెయ్యాలి. అందుకు ముందు నేర్వాల్సింది భయపడుతున్న మనిషి దగ్గరికి ఎలా వెళ్లాలన్నది. ఈ సంగతి గుర్తించడానికే దశాబ్దాలు పట్టింది. ఆ నేర్పు నిలవాలంటే పనివేళల్లో దానికంటూ సమయం కేటాయించాలన్నది ఇప్పటికీ సరిగా ఒంటబట్టలేదు.

జీవితం చివరికొచ్చాక పళ్లు ఎలా ఉంటే ఏమిటి, ఇంత శ్రమ దేనికి అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లకు గట్టి జవాబు జపాన్ నుంచి వచ్చింది. డిమెన్షియా ముదిరేకొద్దీ మింగడం తడబడుతుంది, తరచూ పొలమారుతుంది. పళ్ల మీద, చిగుళ్ల అంచున పేరుకున్న పాచిలోని బాక్టీరియా ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అక్కడి పరిశోధకుడు యోనెయామా బృందం 11 నర్సింగ్ హోముల్లోని వృద్ధులను రెండు గుంపులుగా విడదీసి రెండేళ్లు గమనించింది. ఒక గుంపుకు ప్రతి భోజనం తర్వాత సిబ్బందే పళ్లు తోమారు, వారానికోసారి దంతవైద్యులో హైజీనిస్టులో వచ్చి చూశారు. 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితం ప్రకారం ఆ గుంపులో న్యుమోనియా వచ్చినవాళ్లు 11 శాతం, రెండో గుంపులో 19 శాతం. పళ్లు లేనివాళ్లలో కూడా మేలు కనిపించడం ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం. సెట్టు కడిగి గిన్నెలో పెడితే పని అయిపోయిందన్న పాత అలవాటు, పళ్లు లేని తరానికి కూడా సరిపోలేదన్నమాట. ఊపిరితిత్తుల సంగతి పక్కన పెట్టినా నొప్పి ఉంది. పన్ను సలుపుతోందని చెప్పలేని మనిషి అన్నం తోసేస్తాడు, రాత్రిళ్లు అరుస్తాడు, ముట్టుకోబోతే కొడతాడు. జబ్బు ముదిరిందనుకుని మందు పెంచుతారు. చాలా మందులు నోటిని ఎండబెడతాయి, ఎండిన నోట్లో పళ్లు ఇంకా త్వరగా పుచ్చుతాయి.

బ్రష్ నోటి దాకా రానివ్వకపోవడాన్ని జబ్బు లక్షణంగా, లేదా మొండితనంగా రాసుకోవడం పాత పద్ధతి. బ్రిటిష్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ డిమెన్షియా గురించి 1997లో వెలువరించిన పుస్తకం ఈ చూపును ప్రశ్నించింది. రోగి ప్రవర్తనలో కొంత భాగం మెదడు నుంచి కాక, చుట్టూ ఉన్నవాళ్లు అతనితో నడుచుకునే తీరు నుంచి పుడుతుందన్నాడాయన. అమెరికాలో ఈ ఆలోచన మొదట స్నానపు గదిలో అమలైంది. బలవంతపు స్నానాలు మాన్పించే పద్ధతులను రూపొందించినవారిలో ఒకరైన ఫిలిప్ స్లోన్, నార్త్ కరోలినాలో తన సహచరులతో కలిసి తర్వాత నోటి వైపు తిరిగాడు. మూడు నర్సింగ్ హోముల్లో 97 మంది మీద పరీక్షించిన వాళ్ల నోటి సంరక్షణ పద్ధతి 2013లో ప్రచురితమైంది. దాదాపు ఆ కాలంలోనే పెన్సిల్వేనియాలో నర్సింగ్ పరిశోధకురాలు రీటా జబ్లోన్‌స్కీ ఇంకా సూటిగా ఒక మాట చెప్పింది: వద్దనడం అంటే ముప్పు నుంచి తప్పించుకోవడం, కాబట్టి ముందు ఆ ముప్పును తగ్గించాలి. వెనక నుంచో పై నుంచో కాకుండా ఎదురుగా, కళ్లకు కళ్లు కలిసే ఎత్తులో కూర్చోవాలి. చంటిపిల్లల్ని లాలించినట్టు మాట్లాడకూడదు, పెద్దవాళ్లకు అది చిన్నతనంగా తోచి ఇంకా బిగుసుకుంటారు. బ్రష్‌ను వాళ్ల చేతికే ఇవ్వాలి. కదపలేకపోతే ఆ చేతి మీద మన చెయ్యి వేసి నడిపించాలి, లేదా మనం మొదలుపెట్టి వాళ్లచేత పూర్తి చేయించాలి. అద్దం ముందైతే చేతులకు పాత అలవాటు గుర్తొస్తుంది. ఎంతకీ కుదరకపోతే తాను తప్పుకుని మరొకరిని పిలవాలి. వీటిలో ఖరీదైన పరికరమేదీ లేదు. 2023 నాటి ఒక అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వాళ్లలో ఎక్కువమందికి సేవ చేస్తున్నది ఇంట్లో భార్యో, కూతురో, కోడలో. మామగారికి పళ్లు తోమాల్సిన కోడలికి కూడా ఈ చిట్కాలన్నీ పనికొస్తాయి.

వద్దన్న మనిషి నోట్లో చెయ్యి పెట్టడం అతని గౌరవాన్ని తీసెయ్యడం కాదా అన్న ప్రశ్న న్యాయమైనది. తల పట్టుకుని నోరు తెరిపించడాన్ని నేను ఒప్పుకోను. ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం 2005లో చేసిన మానసిక సామర్థ్య చట్టం కూడా, తానుగా నిర్ణయించుకోలేని మనిషి మేలు కోరి చేసే పనిలో స్వేచ్ఛను వీలైనంత తక్కువగా తగ్గించే దారి వెతకమంటుంది. అయితే వద్దన్నాడు కదా అని రోజుల తరబడి వదిలెయ్యడం కూడా గౌరవించడం అనిపించుకోదు. పొద్దున వద్దన్న మనిషి గంట తర్వాత సరేనవచ్చు, ఒకరిని తోసేసి మరొకరికి నోరు తెరవవచ్చు. అతను వద్దంటున్నది శుభ్రతనా, మనం మీదికొచ్చిన తీరునా అన్నది తేల్చుకోవాలంటే శిక్షణ ఉండాలి.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. స్లోన్ పద్ధతినే నార్త్ కరోలినాలోని 14 నర్సింగ్ హోముల్లో, రెండు వేల మందికి పైగా వృద్ధులతో పరీక్షించారు. 2020లో వెలువడిన ఫలితంలో మొదటి ఏడాది న్యుమోనియా తగ్గింది, కానీ రెండేళ్లు కలిపి చూస్తే తేడా స్పష్టంగా నిలవలేదు. శిక్షణ ప్రభావం అంతంతమాత్రమేనని దీన్ని చదవవచ్చు. నాకు తోచే అర్థం వేరు. మొదటి ఏడాది దొరికిన మేలు నిజమైనదే, ఆ పట్టును రెండో ఏడాదికి మోసుకుపోయే ఏర్పాటు లేకపోయింది. తక్కువ జీతానికి చేసే ఈ ఉద్యోగంలో మనుషులు తరచూ మారిపోతారు, నేర్చుకున్నవాళ్లతో పాటే నేర్పూ వెళ్లిపోతుంది. ఉన్నవాళ్లకైనా పొద్దున్నే స్నానాలు, బట్టలు, టిఫిన్ల హడావిడిలో ముందుగా కోత పడేది బ్రష్‌కే, ఎందుకంటే మాసిన బట్ట వచ్చినవాళ్లందరికీ కనబడుతుంది, పాచి పట్టిన పళ్లు కనబడవు. జపాన్ ప్రయోగంలో భోజనం తర్వాత పళ్లు తోమడం రోజువారీ పనిలో భాగంగా ఉందని, వారంవారం పైనుంచి ఒకరు వచ్చి చూశారని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఇంగ్లండ్ అనుభవమూ అటే చూపిస్తోంది. కేర్ హోముల్లో నోటి ఆరోగ్యం గురించి, ఆరోగ్య సంరక్షణ ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్ల తర్వాత తనిఖీ సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్ వంద హోములు తిరిగి చూస్తే, 47 శాతం హోముల్లో సిబ్బందికి నోటి సంరక్షణలో శిక్షణే లేదు. తనిఖీ చేసి లెక్కలు బయటపెట్టాకే కదలిక వచ్చింది. వృద్ధుల సంరక్షణ ప్రణాళికల్లో నోటి ఆరోగ్యాన్ని పూర్తిగా రాసినవి 2019లో 27 శాతం ఉంటే, 2023 నివేదికలో 60 శాతానికి చేరాయి. అయితే అదే నివేదికలో, తమ దగ్గరున్నవాళ్లకు జాతీయ ఆరోగ్య సేవ దంతవైద్యం ఎప్పుడూ అందడం లేదన్న హోములు 6 శాతం నుంచి 25 శాతానికి పెరిగాయి. రోజూ పళ్లు తోమే మనిషే పుచ్చిన పన్నును ముందు కనిపెడతాడు. దాన్ని బాగుచెయ్యడానికి మాత్రం దంతవైద్యుడే రావాలి.