అహ నా పెళ్ళియంట (మాయాబజార్ పాట)

‘అహ నా పెళ్ళియంట’ 1957 మార్చి 27న విడుదలైన విజయా వారి ‘మాయాబజార్’లోని నృత్య గీతం. రచన పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, గానం పి.సుశీల, ఘంటసాల, నృత్య దర్శకత్వం పసుమర్తి కృష్ణమూర్తి. చిత్ర దర్శకుడు కె.వి.రెడ్డి.

ఈ చిత్రానికి మొదట సంగీత దర్శకుడు సాలూరు రాజేశ్వరరావు. కొన్ని పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకోవడంతో మిగతా భారమంతా ఘంటసాల మీద పడింది.

కథలో ఘటోత్కచుడు అసలు పెళ్ళికూతురు శశిరేఖను ఆమె ప్రియుడు అభిమన్యుడి దగ్గరకు చేర్చి, తానే ఆమె రూపంలో పెళ్ళికూతురుగా కూర్చుంటాడు. తెరమీద కనిపించేది సావిత్రి, అభినయించాల్సింది ఎస్వీ రంగారావు పోషించిన ఘటోత్కచుణ్ణి. పాట బలమంతా ఇక్కడే ఉంది. సిగ్గులొలికే పెళ్ళికూతురు ఉన్నట్టుండి రాక్షస దర్పంలోకి జారిపోతుంది, అంతలోనే సర్దుకుంటుంది. సుశీల స్వరం మధ్యలోకి ఘంటసాల గొంతు దూసుకొచ్చినప్పుడు సావిత్రి చూపూ, భుజాల విరుపూ, నిలబడే ఠీవీ క్షణంలో రంగారావువైపోతాయి. తెలుగు తెరమీద నాట్యం ఇంత హాస్యాన్ని మోసిన సందర్భాలు అరుదు.

పింగళి పుట్టింది రాజాంలో. సుశీలది విజయనగరం. ఘంటసాల సంగీతం నేర్చింది ఆ ఊరి సంగీత కళాశాలలోనే. ఉత్తరాంధ్ర వాళ్ళు ఈ పాటను తమదనుకుంటే కాదనలేం.

జంధ్యాల 1987లో తీసిన హాస్యచిత్రం ‘అహ నా పెళ్ళంట’కు పేరు ఈ పల్లవిదే. ‘మాయాబజార్’ 2010లో రంగుల్లో మళ్ళీ విడుదలైంది. 2018 నాటి సావిత్రి జీవితకథా చిత్రం ‘మహానటి’లో కీర్తి సురేష్ ఈ నృత్యాన్ని తిరిగి అభినయించింది.